పాత టేకు మెట్లు కిర్రుమంటున్నాయి, రెయిలింగ్ ఊగుతోంది: ముందు దేన్ని పట్టుకోవాలి?

తుంగభద్ర_గట్టు (కర్నూలు):
పాత ఊర్లో మిద్దె ఇల్లు. లోపల నుంచి పైకి 15 టేకు మెట్లు, పలక మందం అంగుళంన్నర. 4, 5, 9, 10 మెట్ల మీద కాలు పెడితే కిర్రుమంటాయి. రెండో మెట్టు ముందు అంచు చీలింది. రెయిలింగ్ మొదటి స్తంభం పట్టుకుంటే అర అంగుళం ఊగుతుంది, మూడు కర్ర కమ్మీలు గుంతల్లో గిరగిరా తిరుగుతున్నాయి. మెట్ల మీద ఎప్పటిదో పాలిష్ నల్లబడింది. రెయిలింగ్‌కు మాత్రం మూడు నాలుగు పూతల ఎనామిల్ రంగు ఉంది. చూసిపోయిన వడ్రంగి "ఊడదీసి గ్రానైట్ వేయించుకోండి" అని తేల్చేశాడు. మాకు ఇష్టం లేదు. ఏ పని ముందు, ఏది తర్వాత? ఈ మే ఎండల్లో మొదలుపెట్టొచ్చా?

ఉలి_సుత్తి (అనంతపురం):
అంగుళంన్నర టేకు పలక ఇప్పుడు కొనబోతే తెలుస్తుంది దాని విలువ. గ్రానైట్ మాట మర్చిపోండి. ముందు కదలిక ఆపాలి, తర్వాత చీలికలు, గీకుడూ పాలిషూ ఆఖరున.

తొక్కే పలకా దాని కింది నిలువు పలకా రాసుకుంటే కిర్రుమంటుంది. మన వైపు ఎండాకాలం గాలి పొడిబారితే చెక్క అడ్డంగా కుంచించుకుంటుంది, పొడవు మాత్రం దాదాపు మారదు. మేకు పట్టు వదిలాక పలక ఆ మేకు మీదే పైకీ కిందికీ జారుతుంది. పక్కన ఇంకో మేకు కొట్టినా కొన్నాళ్లకు అదీ వదులే.

మెట్ల కిందికి దూరగలిగితే పని సులువు. ఒకరు పైన తొక్కుతుంటే మీరు కింద టార్చి వేసి, కదిలేచోట సుద్దతో గుర్తు పెట్టండి. సన్నగా చెక్కిన టేకు చీలికకు జిగురు రాసి ఆ సందులోకి మెల్లగా దించండి. బలంగా కొడితే పలక పైకి లేచి కొత్త సందు పుడుతుంది. తర్వాత రెండు పలకలు కలిసే మూలలో అంగుళంన్నర చదరం, ఆరంగుళాల పొడవున్న చెక్క దిమ్మెలు మెట్టుకు మూడు చొప్పున జిగురుతో బిగించండి. పై పలకలోకి 60 మి.మీ. స్క్రూ, నిలువు పలకలోకి 50 మి.మీ. సరిపోతాయి, అంతకంటే పొడవైతే అవతలికి మొన తేలుతుంది. టేకులో ముందుగా 3 మి.మీ. రంధ్రం వెయ్యకుండా స్క్రూ తిప్పితే చీలుతుంది. పాత పాలిష్, దుమ్ము మీద ఫెవికాల్ పట్టదు, ఉలితో పచ్చి చెక్క కనిపించేదాకా గీకాలి. ఆ మెట్లు 24 గంటలు తొక్కొద్దు.

రెండో మెట్టు చీలికలోకి సిరంజితో జిగురు ఎక్కించి, క్లాంపు వేసి ఒక రోజు ఉంచండి. అంచు అరిగి గుండ్రంగా అయిపోయి ఉంటే అక్కడ జిగురు దండగ. అరిగినంత మేర నిటారుగా కోసి కొత్త టేకు బద్ద అతికించి చిత్రిక పట్టాలి.

తుంగభద్ర_గట్టు:
మెట్ల కింద సామాన్ల గది, పైన పలకలతో మూసేశారు. అది విప్పడం కష్టం. పైనుంచి చెయ్యలేమా?

ఉలి_సుత్తి:
చెయ్యొచ్చు. నిలువు పలక నడిమధ్యకు స్క్రూ దిగాలి, అదే కిటుకు. అంచు 25 మి.మీ. ముందుకొచ్చి, నిలువు పలక 19 మి.మీ. మందం ఉంటే, ముందు అంచు నుంచి సుమారు 35 మి.మీ. దగ్గర గీత గీయండి. 10 మి.మీ. బరమాతో 10 మి.మీ. లోతు గుంత, దాని నుంచి పై పలక మొత్తానికి 4.5 రంధ్రం, నిలువు పలకలోకి 3 రంధ్రం. 60 మి.మీ. స్క్రూలు మూడు. గుంతను టేకు బిరడాతో మూసేటప్పుడు బిరడా గీతలు మెట్టు గీతలతో కలిసేలా తిప్పిపెట్టండి, మర్నాడు ఉలితో సమం చెయ్యండి.

యాడికి_పోతావు (కడప):
అన్నా, స్తంభం సంగతి నేను చెప్తా. ముందు అడుగున స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాల. కస్సుమని దిగిందంటే చెదలు తినేసినట్టో, పుచ్చిపోయినట్టో. దానికి బోల్టు వేసి లాభం లేదు, ఆ ముక్క కోసి కొత్తది అతకాల. గట్టిగా ఉంటే మెట్ల పక్క బద్దకు స్తంభం దాటి 10 మి.మీ. బోల్టు, వాషరు వేసి బిగిస్తే ఊగడం నిలుస్తాది. మేకులతో మాత్రం ఎన్నటికీ నిలవదు.

కమ్మీలు ఊడబెరికి పాత జిగురంతా గీకెయ్యాల, ఆరిన జిగురు మీద కొత్తది అంటదు. కమ్మీ మొనకు నడిమధ్య రంపంతో గాటు పెట్టి, చిన్న చీలిక కొంచెం దూర్చి జిగురు రాసి దించితే, దిగేకొద్దీ మొన విచ్చుకుని గుంతలో బిర్రుగా కూచుంటాది. చీలిక పొడుగైతే మొనే పగులుతాది, చూసుకో.

పాలిష్_పద్ధతి (కర్నూలు):
పూత గురించి. మెట్ల మీదున్నది ఏ పాలిషో ముందు తేల్చుకోండి. దూదితో స్పిరిట్ రుద్దితే మెత్తబడి బంకగా వస్తే లక్క పాలిష్. స్పిరిట్‌కు కదలక టిన్నర్‌కు కరిగితే లాకర్. రెంటికీ చలించకపోతే పీయూ (పాలియురేథేన్) లేదా ఎనామిల్. లక్క మీద నేరుగా పీయూ వేస్తే, అందులోని మైనం వల్ల పట్టక పొరలుగా లేచిపోతుంది. పూర్తిగా తీసేయాల్సిందే.

రెయిలింగ్ రంగును పొడిగా సాండ్‌పేపర్ కొట్టొద్దు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 90కి) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, పాత పూతల్లో ఎక్కువే ఉండొచ్చు. ఆ దుమ్ము పిల్లలకు విషం. రంగు తీసే రసాయనం రాసి, మెత్తబడ్డాక గీకండి. చేతులకు తొడుగులు, కిటికీలు తెరిచి, పిల్లలను, గర్భిణులను దూరంగా ఉంచాలి. మిగిలిందాన్ని నీళ్ల సాండ్‌పేపర్‌తో తడిపి రుద్దండి.

పచ్చి చెక్క వచ్చాక 80, 120, 180 నంబర్ల సాండ్‌పేపర్ వరసగా, ఎప్పుడూ చెక్క గీతల వెంటే. అడ్డంగా రుద్దితే స్టెయిన్ పడ్డాక గీరలన్నీ బయటపడతాయి. సందుల్ని ఇప్పుడు గట్టి లప్పంతో నింపొద్దు. వానాకాలంలో చెక్క ఉబ్బి దాన్ని బయటికి నెట్టేస్తుంది. వెంట్రుకంత సన్నవాటిని వదిలేయండి, పెద్దవాటికి సన్నటి టేకు బద్ద అతికించండి. పూత వేసే ముందు టేకును టిన్నర్ గుడ్డతో తుడవాలి, అందులో సహజంగా ఉండే నూనె పూతను పట్టనివ్వదు.

మే ఎండలో వెయ్యొచ్చు, కానీ ఉదయం 7 నుంచి 10 లోపే. మధ్యాహ్నం వేడికి పై పొర ముందే ఆరిపోయి బుడగలూ కుంచె గీరలూ మిగులుతాయి. మెట్లకు రెండు డబ్బాల్లో వచ్చేవి కలిపి వాడే పీయూ, మెరవని మ్యాట్ రకం, మూడు పూతలు (మెరిసే గ్లాసీ అయితే సాక్సులతో జారుతారు), పూతకూ పూతకూ మధ్య 320తో తేలిగ్గా రుద్దుడు. కలిపే పాళ్లు డబ్బా మీద చూసి కొలవండి, కంటి అంచనాతో కలిపితే బంకగానే ఉండిపోతుంది.

నూనె వాడితే ఆ గుడ్డలను ముద్దగా పారేయొద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి, పరిచి ఆరబెట్టండి.

ఇంట్లోవాళ్లు పైకి పోవాలి కదా. బేసి మెట్లు ముందు వేసి, అవి గట్టిపడ్డాక సరి మెట్లు వేయండి. ఏది తడో తెలిసేలా ఆ మెట్టు పక్క గోడకు టేపు ముక్క అంటించండి.