విశాఖ ఉక్కలో కార్న్ స్నేక్ పిల్ల: వేడి, తేమ, తిండి విషయంలో సలహా కావాలి

ప్రశ్న: ఎంవీపీ కాలనీ నివాసి

అందరికీ నమస్కారం. పై చదువులకు విదేశం వెళ్లిన మా మిత్రుడు తాను పెంచుతున్న కార్న్ స్నేక్ పిల్లను నాకు అప్పగించాడు. మూరెడు పొడవు కూడా లేని ఈ పిల్ల ఇంటికి వచ్చిన దగ్గర నుంచి ఏమీ తినలేదు, పగలంతా నీళ్ల గిన్నె కిందనే దాక్కుంటోంది. ఇంటర్నెట్‌లో దొరికే సూచనలన్నీ గూడును వెచ్చగా ఉంచమని, తరచూ నీళ్లు చల్లి తేమ పెంచమని చెబుతున్నాయి. మాది ఆఖరి అంతస్తు, పైగా ఏప్రిల్ నెల, సముద్రం దగ్గర కావడంతో ఒళ్లు ఆరని ఉక్క. ఇక్కడ హీట్ మ్యాట్ (గూటిని వెచ్చబరిచే కరెంటు పట్ట) అవసరమా? తిండి ఎప్పుడు, ఏమి పెట్టాలి? పాలు పోయవచ్చునా అని మా అమ్మగారు అడుగుతున్నారు. దీనిని ఇంట్లో ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందో లేదో కూడా దయచేసి చెప్పండి.

సమాధానం: సీతమ్మధార నుంచి ఒక పెంపకందారు

మీరు చదివిన సూచనలలో చాలా వరకు చలి దేశాలలో, చలికాలమంతా హీటర్లు నడిచి గాలి పొడిబారే ఇళ్లలో పాములను పెంచేవారు రాసుకున్నవి. విశాఖలో మన కష్టం దానికి పూర్తిగా వ్యతిరేకం. కార్న్ స్నేక్ అమెరికా ఆగ్నేయ ప్రాంతపు పాము. ఫ్లోరిడా, జార్జియా వంటి చోట్ల కూడా వేసవిలో మనకున్నంత ఉక్కే ఉంటుంది. అయితే అక్కడ ఎండ ముదిరితే అది నేల కింది కలుగులోకో, మాను తొర్రలోకో దిగిపోతుంది. మీ గూటిలో ఆ వీలు లేదు కాబట్టి ఆ చల్లని చోటును మీరే కల్పించాలి. అది గిన్నె కింద దూరుతున్నదంటే మరో దాపు లేకపోవడం వల్ల కావచ్చు, గూడు వేడెక్కడం వల్ల కావచ్చు. నాకైతే రెండూ ఉన్నాయనిపిస్తోంది.

గూటికి ఒక కొస 29 నుంచి 31 డిగ్రీలు, రెండవ కొస 24 నుంచి 26 డిగ్రీలు ఉండాలి. అద్దానికి అతికించే గుండ్రటి మీటర్లను నమ్మకుండా, తీగ చివర ప్రోబ్ ఉండే డిజిటల్ థర్మామీటర్లు రెండు తీసుకుని, నేల మట్టాన చెరొక కొసన పెట్టండి. హీట్ మ్యాట్ డిసెంబరు, జనవరి రాత్రుల్లో, ఏసీ గదిలో పనికివస్తుంది. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా మాత్రం ఏ కాలంలోనూ వాడకండి, పొట్ట కాలే ప్రమాదముంది. ఇప్పుడు దానిని తీసివేసి, గూటిని శ్లాబు వేడి తగలని గదికి, పడమటి గోడకు దూరంగా మార్చండి. 34 డిగ్రీలు దాటిన గదిలో గంటల తరబడి ఉంచడం ప్రాణాపాయమే. కరెంటు పోయినప్పుడు గడ్డకట్టించిన నీళ్ల సీసాను మందపాటి గుడ్డలో చుట్టి చల్లని కొసన గూటికి ఆనించి పెడితే చాలా ఊరట.

తేమ 40 నుంచి 60 శాతం ఉంటే చాలు. మన గాలిలో అంతకు మించే ఉంటుంది, కాబట్టి నీళ్లు చల్లడం పూర్తిగా మానండి. గూటి అడుగున వేసిన పరుపు తడిసి, దాని మీద నిత్యం పడుకుంటే పొట్ట పొలుసులు ఎర్రబారి కుళ్లడం మొదలవుతుంది. ఊపిరితిత్తుల జబ్బు చేస్తే నోరు తెరిచి గాలి పీల్చడం, ముక్కు దగ్గర బుడగలు కనిపిస్తాయి. అప్పుడు ఆలస్యం చేయకుండా పశువైద్యునికి చూపించాలి. రెండు వైపులా గాలి ఆడే రంధ్రాలు, రెండు కొసలా ఒక్కొక్క ఇరుకైన దాపు, పొడిగా ఉండే పరుపు, ఈ మూడూ అమరితే సగం భయం తీరినట్టే.

సమాధానం: పశువైద్య విద్యార్థిని

కొత్త చోటికి వచ్చిన పాము మొదటి వారం తినకపోవడం సహజం. ఆ వారమంతా చేతిలోకి తీసుకోకండి, ఇంటికి వచ్చినవారికి చూపించకండి. తర్వాత దాని ఒంటిలో అన్నిటికన్నా లావైన చోటుకు సమానంగా, లేదా కొద్దిగా ఎక్కువ లావున్న, వెంట్రుకలు రాని ఎలుక పిల్లను పెట్టండి. ఈ వయసులో 5 నుంచి 7 రోజులకు ఒకసారి చాలు, పెద్దయ్యాక 10 నుంచి 14 రోజులకు ఒకసారి. గడ్డకట్టించిన ఎలుక పిల్లను ముందు ఫ్రిజ్‌లో కరిగించి, తర్వాత కవరులో పెట్టి గోరువెచ్చని నీటిలో ఉంచి వెచ్చబరచాలి, మైక్రోవేవ్ వాడకూడదు. తిన్న తర్వాత 48 గంటలు ముట్టుకోవద్దు. ఒకవేళ కక్కితే పది రోజులైనా ఆగి, మునుపటి కంటే చిన్న ఎలుక పిల్లను ఇవ్వండి. ఇంట్లో బోనులో పడిన ఎలుకను ఎన్నడూ పెట్టకండి. అది ఎలుకల మందు తిని ఉండవచ్చు, పరాన్నజీవులూ ఉండవచ్చు.

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే ఇంట ఆ ప్రశ్న రావడం న్యాయమే. కానీ పాలు పాముకు ఆహారం కావు, అరగవు కూడా. కోడిమాంసం ముక్కలు కూడా చాలవు. ఎలుకను ఎముకలతో సహా మింగినప్పుడే కాల్షియం అందుతుంది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, నీళ్ల గిన్నెను వంటింటి సింకులో కడగకూడదు. సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి పాముల ఒంటి మీద ఉంటుంది.

ప్రశ్నించినవారు: ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈరోజు దాని కళ్లు పాలు పోసినట్టు తెల్లబడ్డాయి, రంగు కూడా మసకబారింది. జబ్బేమోనని భయంగా ఉంది.

పశువైద్య విద్యార్థిని: భయం వద్దు, అది కుబుసం విడవబోతోంది. కొద్ది రోజులకు కళ్లు మళ్లీ తేటపడి, ఆ తర్వాత కుబుసం ఊడుతుంది. అప్పటివరకు తిండి పెట్టకండి, చేత్తో ఒలవకండి. కుబుసం ఊడాక కంటి పొరలు కూడా వచ్చాయో లేదో చూడండి. మన ఊరి తేమ మేలు చేసేది ఈ ఒక్క విషయంలోనే. కుబుసం తరచుగా ఒకే ముక్కగా వచ్చేస్తుంది.

సమాధానం: మధురవాడ నుంచి, పాములను పట్టి అడవిలో విడిచే స్వచ్ఛంద కార్యకర్త

చట్టం విషయం నేను చెబుతాను. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు జాబితాలలోని విదేశీ జంతువులను పెంచేవారు 2024 నాటి నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. బాల్ పైథాన్ ఆ జాబితాలో ఉంది, కార్న్ స్నేక్ లేదు. అయినా జాబితాలు మారుతుంటాయి కనుక అటవీ శాఖ కార్యాలయంలో ఒకసారి విచారించండి. మీ మిత్రుని నుంచి అప్పగింత పత్రం, ఆయన కొన్నప్పటి రసీదు తెప్పించి దాచుకోండి. జెర్రిపోతు మొదలుకొని మన నేల పాములను పట్టి పెంచడం మాత్రం నేరం.

ఇంతకన్నా నన్ను కలవరపెట్టేది గూటి మూత. ఈ పాము తల పట్టే సందు దొరికితే ఒళ్లంతా దూర్చేస్తుంది, కాబట్టి నాలుగు వైపులా క్లిప్పులు తప్పనిసరి. మచ్చలున్న ఏ పామును చూసినా రక్తపింజర అనుకుని కర్ర తీసేవారే మన అపార్ట్‌మెంట్లలో ఎక్కువ. అందుకే మీ అంతస్తువారికి ముందే ఫొటో చూపించి, ఇది విషం లేనిదని, కనిపిస్తే మిమ్మల్ని పిలవమని చెప్పి ఉంచండి. అలాగే మీ పాము తప్పిపోయిన రోజున ఇంట్లో కనబడిన పామల్లా మీదేనని చేయి పెట్టకండి; కొండ పక్క కాలనీలలోకి కట్లపాములు కూడా వస్తాయి. ఎప్పుడైనా పెంచలేని పరిస్థితి వస్తే కంబాలకొండ అడవిలో వదిలిపెట్టే ఆలోచన చేయకండి. అది అక్కడ ఆకలితో చావవచ్చు, లేదా తనలోని రోగాలను మన పాములకు అంటించవచ్చు. జాగ్రత్తగా పెంచితే 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది కాబట్టి, మీరు ఊరు మారితే ఎవరు చూసుకుంటారో ఇంట్లో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.