పాత గోడల పగుళ్లు కావాలి, పెచ్చులు రాలకూడదు – ఎలా?

సున్నం పెచ్చులూడి, లోపలి నీలం, కావి రంగులు బయటపడ్డ పాత ఊరి గోడల్లాంటి యాబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్స్ వేస్తున్నాను. కాటన్ కాన్వాస్ 3×4 అడుగులు. జెస్సో (రంగు పట్టడానికి ముందుగా వేసే తెల్లటి పూత) రెండు కోట్లు, దాని మీద పాలెట్ నైఫ్‌తో మోడలింగ్ పేస్ట్ (ఆరితే గట్టిపడే చిక్కటి ముద్ద) సుమారు 4 మిల్లీమీటర్ల మందాన, పైన పల్చటి యాక్రిలిక్. ఆరేటప్పుడు వచ్చే పగుళ్లు నాకు కావలసినవే, భలే ఉంటాయి. గొడవల్లా తర్వాతే. ఫ్రేమ్ ఎత్తి పక్కన పెట్టగానే పగుళ్ల అంచులు పైకి లేచి, గోరంత పెచ్చులు రాలుతున్నాయి, కింద తెల్లటి జెస్సో కనిపిస్తోంది.

పేస్ట్‌లో మ్యాట్ మీడియం (మెరుపు లేని, జిగురులాంటి యాక్రిలిక్ ద్రవం) కలిపితే పట్టు వచ్చింది గానీ పగుళ్లే రాలేదు. పల్చటి పొరలు వేసి, ఒక్కోటీ 24 గంటలు ఆరనిచ్చినా అదే వరస. వార్నిష్ కొడితే లేచిన పెచ్చులు బ్రష్‌తో పాటే ఊడొచ్చాయి.

పగుళ్లు ఉండి పెచ్చులు రాలకుండా ఉండాలంటే కాన్వాస్ వెనక చెక్క బోర్డు అతికిస్తే చాలా, లేక మొదటి నుంచీ బోర్డు మీదే వేయాలా?