బోర్డు మీద ఈఎస్ఎల్ అని రాయించాలా, వద్దా?

మేడమీద టీచర్: విశాఖ ద్వారకానగర్‌లో మేడ మీద ఒక గది అద్దెకు తీసుకున్నాం. వచ్చే నెల నుంచి ఇంగ్లిష్ క్లాసులు. అంతా కుదిరింది, బోర్డు దగ్గర పేచీ వచ్చింది. 'స్పోకెన్ ఇంగ్లిష్' అని వీధిలో ఇప్పటికే చాలామంది రాసుకున్నారు. అందుకని పెద్ద అక్షరాలతో 'ఈఎస్ఎల్' అని పెడదామన్నాను. ఇంగ్లిష్ యాజ్ ఎ సెకండ్ లాంగ్వేజ్, అంటే రెండో భాషగా ఇంగ్లిష్. నాతో కలిసి చెప్పే మేడం ససేమిరా అంటున్నారు. మీరేమంటారు?

గాజువాక తమ్ముడు: అక్కా, మా బ్యాచ్‌లో ఈఎస్ఎల్ అంటే గేమింగ్ టోర్నీలు. కౌంటర్ స్ట్రైక్ ఆడేవాడు ఎవడైనా అదే చెప్తాడు. ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లకైతే 2021 ఏప్రిల్‌లో 12 క్లబ్బులు ప్రకటించి, వారం తిరక్కుండానే చేతులెత్తేసిన యూరోపియన్ సూపర్ లీగ్. మా అమ్మనడిగితే "ఈఎస్ఐ ఆస్పత్రి కదా, మల్కాపురంలో ఉంది" అంది.

ఎంవీపీ మాష్టారు: నవ్వులాట పక్కన పెడదాం. టీచర్ గారు రాసింది తప్పు కాదు. క్లాసు దాటితే ఇంగ్లిష్ వినపడని దేశాల్లో అది ఫారిన్ లాంగ్వేజ్, ఈఎఫ్ఎల్. మన దగ్గర సుప్రీంకోర్టు నడిచేదే ఇంగ్లిష్‌లో. అలాంటి చోట సెకండ్ లాంగ్వేజ్ అంటారు. భాషా శాస్త్రవేత్త బ్రజ్ కచ్రూ 1985లో ఇంగ్లిష్ లోకాన్ని మూడు వలయాలుగా (లోపల అది తల్లి భాషైన దేశాలు, మధ్యలో రెండో భాషైనవి, బయట విదేశీ భాషైనవి) చూపించి, భారతదేశాన్ని మధ్య వలయంలో పెట్టింది అందుకే. ఇంకో తమాషా చూడండి. హైదరాబాద్‌లోని ఇఫ్లూ విశ్వవిద్యాలయం పేరులోనూ 'ఈఎఫ్ఎల్' ఉంది. కానీ అక్కడ దాని అర్థం 'ఇంగ్లిష్, విదేశీ భాషలు'. ఇంగ్లిష్‌ను విదేశీ భాషల్లో కలపకుండా విడిగా నిలబెట్టారన్న మాట. 2007లో విశ్వవిద్యాలయం కాకముందు అది సీఫెల్.

కంచరపాలెం నుంచి: మాష్టారూ, మీ మీద గౌరవంతోనే కాదంటున్నాను. మా ఇంట్లో ఒడియా, వీధిలో తెలుగు, నాన్న పనిచేసే యార్డులో హిందీ. ఇంగ్లిష్ నాకు నాలుగోది. రెండోదని ఎవరు లెక్కపెట్టారు? ఇంట్లో తెలుగే మాట్లాడే నా స్నేహితుడి సంగతి తీసుకోండి. పదో తరగతిలో వాడికి తెలుగు ఫస్ట్ లాంగ్వేజ్, హిందీ సెకండ్, ఇంగ్లిష్ థర్డ్. ఇంటర్‌లో చేరగానే సెకండ్ లాంగ్వేజ్ కాస్తా సంస్కృతమైంది. భాష మీద ప్రేమతో కాదు లెండి, మార్కుల కోసం. ఈ ఊళ్లో 'సెకండ్ లాంగ్వేజ్' అని బోర్డు కడితే, సంస్కృతం ట్యూషన్ ఎంత అని అడుగుతూ మెట్లెక్కుతారు.

ఎంవీపీ మాష్టారు: బాబూ, అక్కడ 'సెకండ్' అంటే వరుస సంఖ్య కాదు. తల్లి భాష తర్వాత నేర్చిన ఏ భాషైనా 'ఎల్ టూ'నే, అది నాలుగోదైనా సరే.

కంచరపాలెం నుంచి: ఆ సంగతి కూడా బోర్డు మీద రాయిస్తారా?

సీతమ్మధార, ప్రస్తుతం టెక్సస్: నాది వేరే బాధ. బాబును బడిలో చేర్చేటప్పుడు ఫారంలో ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారని అడిగారు. ఉన్నమాటే రాశాను, తెలుగు అని. అంతే, వాడికి ఇంగ్లిష్ పరీక్ష పెట్టారు. వాడు కార్టూన్లు చూసి చూసి నా ఇంగ్లిష్‌కే వంకలు పెట్టే రకం! పాసయ్యాడు కాబట్టి సరిపోయింది. కాకపోతే ఇక్కడి పిల్లలు 'ఈఎస్ఎల్' అని ఒకరినొకరు వెక్కిరించుకోవడం నేను విన్నాను, మొద్దు అన్నట్టు. పెద్దలు పేర్లు మారుస్తూనే ఉన్నారు. కొన్నాళ్లు ఈఎల్ఎల్ అన్నారు, ఇంగ్లిష్ నేర్చుకుంటున్నవాడని. మా రాష్ట్రంలో 2021లో చట్టంలోనే 'ఎమర్జెంట్ బైలింగ్వల్' అని మార్చారు, రెండు భాషలవాడిగా ఎదుగుతున్నవాడని. అది నాకు నచ్చింది. ఇక్కడ వదిలించుకుంటున్న పేరును మీరు డబ్బులిచ్చి కట్టించుకోవడం ఎందుకు?

గాజువాక తమ్ముడు: బ్రిటన్‌లో ఈసోల్ అంటారట కదా, 'ఇతర భాషలవాళ్లకు ఇంగ్లిష్' అని. లెక్కల గొడవ లేదు. కంచరపాలెం అన్నకు ఓకేనా?

కంచరపాలెం నుంచి: అర్థం బాగుంది తమ్ముడూ. ఈసోల్ ఏటి, చెప్పుల కొట్టా అంటారు మావాళ్లు.

మేడమీద టీచర్: నేను ఇంకో సంగతి దాచాను. మూడు అక్షరాలైతే బోర్డు చవగ్గా వస్తుందనుకున్నా. ఫ్లెక్సీకి అక్షరాల లెక్క లేదు, చదరపు అడుగుల లెక్కేనని షాపాయన ఇవాళ తేల్చేశాడు. మాష్టారి మాట కాదనలేను. కానీ మెట్లెక్కి వచ్చేవాళ్లు మాష్టారిని అడిగి రారు కదా. 'ఇంగ్లిష్ నేర్పబడును' అని తెలుగులో రాయించేస్తున్నాను. మేడం ఇప్పుడు 'నేర్పబడును' బాగోలేదంటున్నారు. దానికి వేరే చర్చ పెడతాను.