సమస్య: “చెల్లనట్టి యోటె చెల్లె నేఁడు”

నిర్వహణ (కడప): ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలు మీరు పూరించాలి. వేమన సమాధి ఉన్న కటారుపల్లె మనకు కదిరి దగ్గరే, ఈ ఛందస్సుకు ఎవరూ జంకనక్కర్లేదు.

ఈ సమస్యే ఎందుకిచ్చానో పాత నాణేలు సేకరించే మన సంఘం వాళ్ళకు తెలుసు. పోయిన సర్వసభ్య సమావేశంలో చందా బాకీ అని కొందరి ఓట్లు పక్కన పెట్టారు. రశీదు పుస్తకం వెతికి తెచ్చేసరికి చేతులెత్తడం అయిపోయింది. కార్బన్ ప్రతి మీద అక్షరాలు అలుక్కుపోయినా అంకె తెలుస్తోంది, డబ్బు కట్టారు. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

ప్రొద్దుటూరు మాస్టారు:

పాత పావలాలు పంచుక సభ్యులు
కుండలోన వేసి గుట్టు నిలుప,
బ్యాంకు లొల్లమన్న పైకమే గెలిపింప
చెల్లనట్టి యోటె చెల్లె నేఁడు

నిర్వహణ: మాస్టారూ, విరుపు అద్భుతం. 2011 జూన్ 30 నుంచి పావలా చెల్లదు, అదే ఓటుబిళ్ళ అయింది! ఒక్క మాట. “గెలిపింప” ద్రుతాంతం (చివర “న్” ఉన్న మాట) కదా, దాని తర్వాత “చెల్ల” కాస్తా “జెల్ల” కావాలి. సమస్యాపాదం మార్చలేము. “గెలిపించి” అంటే గణం చెడదు, సంధి బాధా ఉండదు.

ప్రొద్దుటూరు మాస్టారు: ఒప్పుకున్నాను. “గెలిపించి” అనే ఉంచండి.

ఆదోని అక్క:

మూఁడు నెలల చంద ముట్టక పోవంగ
నిన్న యోటు లేదు; నిదుర లేచి
రొక్క మిచ్చి వచ్చె రోషముతో నామె
చెల్లనట్టి యోటె చెల్లె నేఁడు

నిర్వహణ: “చందా ముట్టడం” అచ్చంగా మన నోటి మాట, పద్యానికి అదే ప్రాణం. ఛందస్సులో వంక లేదక్కా.

గుత్తి అన్న: పద్యం సరే, విషయం దగ్గర ఆగుదాం. 1860 నాటి కేంద్ర సొసైటీల చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ఓటేసే సమయానికి మూడు నెలలు మించి చందా బాకీ ఉంటేనే ఓటు పోతుంది. అంటే ఆ పొద్దు కట్టేసినా బాకీ తీరినట్టే. మన రాష్ట్రానికి 2001లో వేరే చట్టం వచ్చింది కాబట్టి మన నియమావళిలో ఏం రాసుకున్నామో అదే ముఖ్యం. అందులో గడువు మాటే లేదు. లేని గడువు చూపించి అక్క ఓటు ఎట్లా తీసేస్తారు?

ఆదోని అక్క: నేను తెల్లవారుజామున బస్సెక్కి వచ్చినాను అన్నా. చెయ్యెత్తేలోపే “మీ పేరు జాబితాలో లేదు” అన్నారు. ఆ జాబితా ముందెప్పుడూ ఎవరికీ చూపించలేదు.

కడప విద్యార్థి: ఇది నా మొదటి పద్యం సార్, తప్పులుంటే చెప్పండి.

పది వరహలు దాచు పెద్దమనిషి యోటు
పైస యున్నవాని పాటి దగును
సంతలోన నమ్ము సరుకుగా సోదరా
చెల్లనట్టి యోటె చెల్లె నేఁడు

నిర్వహణ: నాయనా, భావానికి నా దండం. సంతలో సరుకుగా చెల్లని ఓటే సభలో చెల్లింది! ఇంతకన్నా మంచి పూరణ నాకు తట్టలేదు. మొదటి పాదంలో మాత్రం “ప”కు “పె”తో యతి కుదరదు, అకారానికి ఎకారం మిత్రం కాదు. “పది వరహలు దాచు భాగ్యవంతుని యోటు” అని చూడు. ప, భ ఒకే వర్గం, అచ్చూ కుదిరింది.

గుత్తి అన్న: ఆ రెండో పాదం నాకే తగిలింది. నా దగ్గర బంగారు వరహాలు లేవు. ఉన్నదల్లా ఏనుగు బొమ్మ రాగి పైస ఒకటి. టిప్పు మా గుత్తికి ఫైజ్ హిసార్ అని పేరు పెట్టి ఇక్కడి టంకశాలలో కొట్టించినది. అంచు అరిగిపోయింది, తొండం ఇంకా కనిపిస్తుంది. ఆ ఒక్క పైసతోనే సభ్యుణ్ణయ్యాను.

ప్రొద్దుటూరు మాస్టారు: అయితే ఈసారి నిజంగానే కుండ పెడదాం. చేతులెత్తితే మొహమాటాలొస్తాయి.

కడప విద్యార్థి: కానీ సార్, మన ఇళ్ళలో పావలాలు డబ్బాలకొద్దీ ఉన్నాయి. ఎవరైనా నాలుగు వేస్తే?

ప్రొద్దుటూరు మాస్టారు: ఖడ్గమృగం బొమ్మ, సంవత్సరం కింద హైదరాబాద్ టంకశాల నక్షత్రం ఉన్నవే ఇద్దాం. ఎన్ని పంచామో అందరి ముందు రాసి, కుండ బోర్లించి అన్నే ఉన్నాయో లేదో చూద్దాం. ఒక్కటి ఎక్కువైనా మళ్ళీ మొదలు.

ఆదోని అక్క: జాబితా పది రోజుల ముందు అందరికీ పంపితేనే నేను బస్సెక్కుతా.

నిర్వహణ: పంపుతానక్కా. రశీదు నంబర్లతో సహా నేనే రాసి పంపుతాను.

కడప విద్యార్థి: యతి సరిచేశాను సార్. కుండ మా ఇంటి నుంచి తెస్తాను.