మతిమరుపు ఉన్న అమ్మకు షుగర్ సెన్సర్ పెట్టించాలా?

అట్లాంటా అబ్బాయి:
అమ్మకు 78 ఏళ్లు, గుంటూరులో అన్నయ్య దగ్గర ఉంటుంది. షుగర్ ఎప్పటినుంచో ఉంది, ఇప్పుడు డిమెన్షియా. అన్నం తిన్నదో లేదో తనకే గుర్తుండదు. జబ్బకు అంటించే 14 రోజుల సెన్సర్ పెట్టిస్తే రీడింగులు నా ఫోన్‌లోనూ కనిపిస్తాయి. అన్నయ్య వద్దంటున్నాడు. మీరేమంటారు?

తెనాలి కోడలు:
మీ అన్నయ్యగారి మాటే నాదీ. మా అత్తయ్యగారికి పెట్టించాం. అదేమిటో తెలియక భయపడి, రాత్రంతా గీకి, పీకి దిండు కింద దాచారు. డబ్బు వృథా. పైగా మా మరిది అమెరికా నుంచి "వదినా, 210 ఉంది, ఏం పెట్టారు?" అని ఫోన్లు. షుగర్ కంటే ఆ ఫోన్లతోనే నాకు టెన్షన్.

రిటైర్డ్ నర్సు:
అమ్మా, మీ కష్టం నిజమే. కానీ వీళ్ల విషయంలో భయపడాల్సింది 210కి కాదు, 60కి. షుగర్ 70 కంటే దిగితే మామూలు మనిషి చెమటలు పడుతున్నాయని, కళ్లు తిరుగుతున్నాయని చెప్తాడు. వీళ్లు చెప్పలేరు. కసురుకుంటారు, లేదంటే మగతగా పడుంటారు. ఇంట్లోవాళ్లు అదీ మతిమరుపే అనుకుంటారు. వార్డుకు తెచ్చాక వేలు గుచ్చి చూస్తే 48! వేసుకున్న మాత్రే మళ్లీ వేసుకుని ఉంటారు, లేదా మాత్ర వేసుకుని అన్నం మానేసి ఉంటారు. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ మాత్రల లాంటి, షుగర్‌ను మరీ దించేయగల మందులు వాడేవాళ్లకు, షుగర్ పడిపోతే మోగే సెన్సర్ మంచిదే. ఆ చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, అనుమానమొస్తే వేలు గుచ్చి చూడండి.

దానికంటే ముందు, అంత గట్టి మందులు ఇంకా అవసరమా అని డాక్టరుగారిని అడగండి. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా మతిమరుపు ఒక మోస్తరుగా ఉంటే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) 8 శాతం లోపు ఉంటే చాలంటుంది. మతిమరుపు ముదిరితే ఆ అంకె కోసం పాకులాడొద్దని, షుగర్ పడిపోకుండా చూడమని చెప్తుంది.

అట్లాంటా అబ్బాయి:
గ్లిమిపిరైడే వాడుతోందండీ. డాక్టరుగారిని అడగమని అన్నయ్యకు ఈ రాత్రే చెప్తాను. సెన్సర్ మాత్రం పెట్టించాలనే ఉంది.

తెనాలి కోడలు:
మందు తగ్గించే మాట బాగుంది. సెన్సర్ సంగతి మాత్రం మీ వదినగారిని అడిగి తేల్చండి. సెన్సర్‌కు జతచేసిన ఫోన్ అమ్మగారి దగ్గర్లో ఉంటేనే అలారం వస్తుంది. అర్ధరాత్రి అది మోగితే లేచి గ్లూకోజు నీళ్లు కలిపి తాగించాల్సింది ఆవిడే.