బొటనవేలు బొమ్మ పెడితే బేరం కుదిరినట్టా, చూశానన్నట్టా?

తేజా కాయ (గుంటూరు):
అన్నలూ ఒకటి తేల్చండి. కోల్డ్ స్టోరేజీలో మాది 60 టిక్కీలు (బస్తాలు) తేజా రకం మిర్చి ఉంది. నాన్న ఎప్పుడూ కాయ వేసే కొట్టాయనకి శాంపిల్ ఫోటో పంపి క్వింటా 14,500 అయితే ఇచ్చేస్తాం అని వాట్సాప్‌లో పెట్టా, పది నిమిషాల్లో దాని మీద బొటనవేలు బొమ్మ పడింది. ఇంకేముంది అయిపోయిందనుకుని, వేరే ఆయన 14,300 అడిగితే వద్దండీ మాటిచ్చేశాం అని కూడా చెప్పేశా. వారం తిరిగేసరికి రేటు పడింది. ఇప్పుడు ఈయన 'చూశానని పెట్టా బాబూ, కొంటానని ఎక్కడన్నాను' అంటున్నాడు. నాన్నేమో బొమ్మలు చూసి బేరం చేసినోడివి నువ్వొక్కడివే అని నన్నే తిడుతున్నాడు.

బ్రాడీపేట 4/14:
కుదిరినట్టే. మా తాత చదువుకోలా, పొలం కొన్నా అమ్మినా వేలిముద్రే, ఆ వేలికున్న విలువ ఈ వేలికి లేదా? పశువుల సంతలో తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని బేరాలు చేసేవాళ్ళు, నోట్లోంచి ఒక్క అంకె బయటికొచ్చేది కాదు.

కృష్ణలంక కాఫీ:
వేలిముద్రకి సిరా ఉంటది, పక్కన సాక్షి ఉంటాడు తమ్ముడూ. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో రేపు ట్యాంకు కడుగుతున్నాం నీళ్ళు రావు అంటే వేలే, మెయింటెనెన్స్ కట్టండి అన్నా వేలే. కట్టేది మాత్రం నలుగురు.

పాత మోడెమ్ (విజయవాడ):
అసలీ గోల ఈనాటిది కాదండీ. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళు కంప్యూటర్‌లో నోటీసు బోర్డు లాంటి దాని మీద కబుర్లాడుకునేవాళ్ళు, ఎవరో లిఫ్టులో పాదరసం ఒలికిందని సరదాకి రాస్తే కొంతమంది నిజమని కంగారు పడ్డారు. అప్పుడు స్కాట్ ఫాల్‌మన్ అనే ఆయన 1982 సెప్టెంబర్ 19న జోకైతే చివర్లో :-) పెట్టండి అన్నాడు. అక్కడితో ఆగలా, జోకు కానిదానికే గుర్తు పెడితే ఇంకా తేలికేమో, దానికి :-( వాడండి అని కూడా రాశాడు. అంటే ఆ ఏడుపు మొహం మొదట ఏడుపు కోసం కాదు, 'ఇది నిజంగానే అంటున్నా' అని చెప్పడానికి! గుండ్రటి పసుపు మొహం అంతకన్నా పాతది, 1963లో హార్వీ బాల్ ఒక ఇన్సూరెన్స్ కంపెనీ స్టాఫ్ హుషారు కోసం గీశాడు, ఆయనకి ముట్టింది 45 డాలర్లు. జపాన్‌లో 1999లో కురిటా అనే ఆయన ఫోన్ల కోసం గీసిన 176 ఎమోజీ బొమ్మలైతే ఒక్కోటి 12 చుక్కలు అడ్డం 12 చుక్కలు నిలువు, అంతే.
నేననేదేంటంటే మొహం బొమ్మ మాట పక్కన కూర్చుని ఆ మాట ఎలా తీసుకోవాలో చెప్తుంది. వేలు అలా కాదు, అసలు మాటే లేకుండా మాట పని చేస్తానంటది, తగాదా అక్కడే.

లబ్బీపేట లాయర్:
కోర్టుల్లో రెండు రకాలుగానూ వచ్చింది. కెనడాలో ఒక రైతుకి అవిసెల కాంట్రాక్టు ఫోటో పంపి కన్ఫర్మ్ చెయ్యమంటే వేలు పెట్టాడు, సరుకు మాత్రం ఇవ్వలా. చూశానని పెట్టానన్నాడు, అచ్చం మీ కొట్టాయన లాగే. 2023లో 82 వేల పైచిలుకు కెనడా డాలర్లు కట్టమన్నారు, 2024లో అప్పీలూ పోయింది. ఎందుకంటే అంతకు ముందు వాళ్ళిద్దరి బేరాలు 'ఓకే' లాంటి ముక్కలతోనే నడిచాయి.
ఇక 2024లో మద్రాస్ హైకోర్టు. ఒక ఆఫీసర్ హత్య గురించిన మెసేజ్‌కి వేలు పెట్టాడని ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) కానిస్టేబుల్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు. అది సంబరం కాదు, చూశానని చెప్పడం అంతే అంది కోర్టు. ఒకటే బొమ్మ, రెండు అర్థాలు.
మనకి 1872 కాంట్రాక్టు చట్టం 7వ సెక్షన్ ఉంది, ఒప్పుకోలు మెలిక లేకుండా ఉండాలి, వాడుకలో ఉన్న పద్ధతిలో చెప్పాలి. ఆ వాడుక అనే మాట దగ్గరే ఉంది మీ కేసు. ఇంతకు ముందు ఈయన వేలు పెట్టి సరుకు తీసుకున్నాడా?

తేజా కాయ:
పోయినేడాది రెండుసార్లు అన్నా. వేలు పెట్టాడు, మర్నాడే మనిషిని పంపి కాటా వేయించాడు.

బ్రాడీపేట 4/14:
హమ్మయ్య, నేనన్నదేగా!

లబ్బీపేట లాయర్:
తొందరపడకండి. వేలు విడిగా మెసేజ్‌గా పంపాడా, నీ మెసేజ్ మీద రియాక్షన్‌గా నొక్కాడా? మెసేజ్ డిలీట్ చేస్తే చేసినట్టు కనపడతది. రియాక్షన్ తీసేస్తే జాడ ఉండదు.

తేజా కాయ:
రియాక్షనే... ఇప్పుడే చూశా, లేదు అది. తీసేశాడు.

కృష్ణలంక కాఫీ:
స్క్రీన్‌షాట్?

తేజా కాయ:
లేదు. కానీ ఆ రోజే మా బావకి ఫార్వర్డ్ చేశా, ఫార్వర్డ్‌లో మెసేజే వెళ్తది, రియాక్షన్ వెళ్ళదు కదా ఛ. 'అంకుల్, అవునో కాదో టైప్ చెయ్యండి' అని మెసేజ్ పెట్టా ఇందాక. దండం బొమ్మ వచ్చింది.

పాత మోడెమ్ (విజయవాడ):
అది 'సరే బాబూ' దండం కాదు, 'నీకో దండం' దండం. స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకుని, పొద్దున్నే నాన్నగార్ని తీసుకుని కొట్టుకెళ్ళు, 14,300 అన్నాయన ఇంకా ఉన్నాడేమో అది కూడా ఫోన్ చేసి అడుగు, మెసేజ్ వద్దు.