పాత జీపు ముందు హబ్ కాలిపోతోంది: ముందు విప్పాల్సింది బేరింగా, బ్రేకా?

కొండదారి:
మహీంద్రా ఎమ్ఎమ్ 540, నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. ఫ్రీ వీల్ హబ్బులు (ముందు షాఫ్టును చక్రం నుంచి విడదీసేవి) లేవు, ఫ్లాంజులే (రెంటినీ ఎప్పుడూ కలిపి ఉంచే మూతలు). టూ వీల్‌లో (వెనక చక్రాల లాగుడుతోనే) 25 కి.మీ. తారురోడ్డు తిరిగాక టెంపరేచర్ గన్‌తో చూస్తే కుడి ముందు హబ్ 94 డిగ్రీలు, ఎడమ 51. బేరింగులు వేసి రెండు నెలలే. షెడ్డులో మళ్లీ బేరింగులే మార్చాలంటున్నారు. అవసరమా?

గ్రీజుడబ్బా:
రెండు నెలల కింద చెయ్యి పడిన చోటే వేడి పుడుతోందంటే ఇంక వెతుకులాట దేనికి? నట్టు ఎక్కువ బిగిసింది. ఈ హబ్‌లో రెండు నట్లు, మధ్యన లాక్ వాషర్. బయటి నట్టు బిగించినప్పుడు మరల్లో ఉన్న ఖాళీ మేరకు అది లోపలి నట్టును ఇంకాస్త లోపలికి తోస్తుంది. అప్పటిదాకా సరిగ్గా ఉన్న లూజు అక్కడే పోతుంది. లాక్ నట్టు వేశాక చక్రాన్ని మళ్లీ తిప్పి చూసేవాళ్లు తక్కువ.

పానా22:
అన్నా, తేడా 43 డిగ్రీలుందని బేరింగే అనేస్తే ఎలా? బ్రేకు పట్టేసినా అంతే వస్తుంది. గ్రీజు కరిగి కారాక బేరింగూ పోతుంది. కొత్త బేరింగు వేసి బ్రేకును వదిలేస్తే మళ్లీ అదే కథ. ఏదీ విప్పకముందే తేల్చుకోవచ్చు.

మొదట గన్ సంగతి. మెరిసే ఇనుము మీద అది తక్కువ చూపిస్తుంది. హబ్ మీద, డ్రమ్ అంచు మీద కాస్త నల్లరంగు పూసి ఆరనివ్వండి. బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ నడిపి, బండి ఆపిన వెంటనే రెండు చోట్లా చూడండి. పది నిమిషాలు ఆగితే వేడి అంతటా పాకిపోయి ఏమీ తెలియదు. డ్రమ్ అంచు ఎక్కువ కాలితే బ్రేకు, నడిమి హబ్ ఎక్కువ కాలితే బేరింగు.

ఆ వేడి మీదే వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, జాకీ ఎత్తి, యాక్సిల్ కింద స్టాండు పెట్టండి. పెడల్ గట్టిగా తొక్కి వదిలి, చక్రం చేత్తో తిప్పండి. బరువుగా ఉంటే బ్లీడర్ నిపుల్ (బ్రేకు లైనులోంచి గాలి, ఆయిల్ వదిలే చిన్న మర) పావు చుట్టు విప్పండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలేస్తే లైనులో ప్రెషర్ నిలిచిపోయిందన్నమాట. ఒక్క చక్రమే అయితే దాని దగ్గరి రబ్బరు హోసు లోపల వాచిందేమో చూడాలి. నాలుగూ పట్టేస్తుంటే మాస్టర్ సిలిండర్ వైపు వెళ్లండి. పెడల్‌కు అరంగుళం ఆట లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాక, ఆయిల్ తిరిగొచ్చే చిన్న రంధ్రం మూసుకునే ఉంటుంది.

నిపుల్ విప్పినా వదలకపోతే షూ క్యాములు (బ్రేకు షూలను డ్రమ్ముకు దగ్గర, దూరం జరిపేవి) వెనక్కి తిప్పి చూడండి. వదిలితే వీల్ సిలిండర్ పిస్టన్ తుప్పు పట్టిందో, రిటర్న్ స్ప్రింగు సాగిందో. అప్పటికీ బరువుగానే ఉంటే గ్రీజుడబ్బా గారి మాటకు రావచ్చు.

గ్రీజుడబ్బా:
పరీక్ష బాగుంది. కానీ బిగిసిన బేరింగు చేతికి తేలిగ్గానే తిరగొచ్చు. 16 అంగుళాల చక్రం పట్టుకుని తిప్పితే లోపలి చిన్న పట్టు ఏం తెలుస్తుంది? "చేతికి తేలిక, కాబట్టి బేరింగు బాగుంది" అనుకోకండి. గన్ చెప్పింది నమ్మండి.

బుష్‌మ్యాన్:
మూడోదాన్ని ఇద్దరూ వదిలేశారు. ఫ్లాంజులున్న బండిలో టూ వీల్‌లోనూ ముందు షాఫ్టు చక్రంతోపాటే తిరుగుతుంది. స్పిండిల్ లోపలి ఇత్తడి బుష్ ఎండిపోతే అదీ గీసుకుంటుంది. ఫ్లాంజ్ ఆరు బోల్టులు తీసి, ఫ్లాంజ్ పక్కన పెట్టి తిప్పి చూడండి. బరువు తగ్గితే షాఫ్టు దారి. ఇంత వేడికి అదొక్కటే కారణమంటే నేనే ఒప్పుకోను, కానీ చూడ్డానికి పది నిమిషాలు చాలు.

కొండదారి:
రంగు పూసి చూశాను: హబ్ 92, డ్రమ్ అంచు 68. నిపుల్ విప్పితే మార్పు లేదు, క్యాములు తిప్పినా లేదు, ఫ్లాంజ్ తీసినా లేదు. లోపలి నట్టు ఒక పలక వదిలితే ఒక్కసారిగా తేలికైంది.

గ్రీజుడబ్బా:
చెప్పానుగా! ఆరు పలకల నట్టు, ఒక పలక అంటే ఆరో వంతు చుట్టు. చక్రం బరువయ్యేదాకా తిప్పుతూ బిగించి అంత వెనక్కి తీయాలన్నదే ఈ జీపుల పాత పద్ధతి. లాక్ నట్టు వేసి, మళ్లీ తిప్పి చూసి, బండి రోడ్డెక్కించండి.

పానా22:
నట్టు విషయంలో మీదే గెలుపు. అలాగే రోడ్డెక్కించమంటే మాత్రం ఒప్పుకోను. కోన్‌లు (బేరింగులో రోలర్లుండే లోపలి రింగులు) బయటికి తీసి కిరసనాయిలుతో కడగండి, గాలి కొట్టి గిరగిరా తిప్పకండి. రోలర్ల మీద లేత పసుపు మరక గ్రీజుది, పర్వాలేదు. నీలం తేలితే ఉక్కు మెత్తబడినట్టే, కోన్, కప్పు (హబ్‌లో దిగి ఉండే బయటి రింగు) రెండూ జతగా మార్చాలి. కప్పు హబ్‌లోంచి చేత్తో ఊడొస్తే హబ్ అరిగింది. లోపల పంచ్‌తో చుక్కలు కొట్టి బిగించే పని చెయ్యనివ్వకండి.

గ్రీజు రంగు చూసి కాదు, డబ్బా మీద చదివి కొనండి. క్యాల్షియం రకం సుమారు 95 డిగ్రీల దగ్గర కారిపోతుంది, మీ హబ్ 94 చూపించింది. లిథియం రకం, 2వ నంబరు చాలు. రోలర్ల మధ్య నిండా కూరి, హబ్ లోపలి ఖాళీలో మూడో వంతే ఉంచండి.

బుష్‌మ్యాన్:
పాత గ్రీజు పలచబడి గేరాయిల్ వాసనొస్తే నకిల్ (ముందు చక్రం పక్కకు తిరిగే కీలు) వైపు సీలు కూడా మార్చండి. లేకపోతే కొత్త గ్రీజూ కడుక్కుపోతుంది.

కొండదారి:
బయటి కోన్ పసుపే, లోపలిది నీలం. లోపలి సెట్టు, సీలు రాస్తున్నాను. నంబరు 18590, కప్పు 18520. సరేనా?

పానా22:
సరే. మీ పాత కోన్ మీద చెక్కి ఉన్న నంబరుతో పోల్చుకుని కొనండి.